పీపీ మెయిలూ, ముప్పై మూడు పూసలూ

మొన్న ఒక శనివారం, తాడేపల్లిగూడెంలో నేను ఎంసీఏ చదివిన కాలేజీ వాళ్ళు పిలిస్తే, పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడి రావడానికి వెళ్ళాను. ఇన్నేళ్ళుగా ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్న మనిషి కదా, పనికొచ్చే ముక్క ఒకటైనా చెప్పకపోతుందా అని వాళ్ళ ఆశ. నేను చెప్పింది ఎంతమంది విన్నారో గానీ, చివర్లో ముందు వరసలోంచి ఒక అమ్మాయి లేచి, చేతిలోని ఫోను నాకు కనబడేలా పట్టుకుని, "మేడమ్, మనం రాసిన కోడ్ అందరూ చూసేలా నెట్‌లో పెడితే ఉద్యోగం వస్తుందంటారా అండీ?" అని అడిగింది. ఆ ఫోనులో ఆమె పేరు, ఫొటో, వాటి కింద నారుమళ్ళలాగా బోలెడన్ని చిన్న చిన్న పచ్చ గళ్ళు ఉన్నాయి. ఏ రోజు కోడ్ రాసి పెడితే ఆ రోజు గడి పచ్చబడుతుంది, మీకూ తెలిసే ఉంటుంది. ఏడాదిగా ఒక్క గడి కూడా ఖాళీ పోనివ్వలేదని, జ్వరం వచ్చిన రోజున కూడా ఎక్కడో ఒక చుక్క సరిచేసి ఆ గడి నింపానని చెప్పింది పాపం. నేను జవాబు చెబుదామని నోరు తెరిచేసరికి ప్రిన్సిపాల్ గారు శాలువా పట్టుకుని వచ్చేశారు, ఫొటోలు, చప్పట్లు, అంతే, ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఏలూరు వచ్చే రైలెక్కి కూర్చున్నాక నాకు నేనే ఆ ప్రశ్న వేసుకున్నాను. అవునంటే సగం అబద్ధమవుతుంది, కాదంటే నా ఉద్యోగమే అబద్ధమవుతుంది. ఒక్క మాటలో తేలే సంగతి కాదది, కాస్త వెనక్కి వెళ్ళాలి, రెండు వేల సంవత్సరం దాటాక మొదటి దశాబ్దం సగంలోకి, ఇంటర్నెట్ సెంటర్లూ, గురగురమంటూ మొదలయ్యే మోడెములూ ఉన్న రోజుల్లోకి. నా ఈడు వాళ్ళకు ఆ మోత ఇప్పటికీ చెవుల్లో ఉండే ఉంటుంది.

మాది కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊరు. నాన్న చేపల చెరువుల మీద పనిచేసేవాడు. పొద్దున్నే పడవ మీద వెళ్ళి, చిల్లులు పెట్టిన సంచుల్లో మేత నింపి, చెరువులో పాతిన వెదుళ్ళకు కట్టి, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి చేప ఎంత తిన్నదో చూసుకునేవాడు. నేను ఎంసీఏ పూర్తి చేసిన ఏడే సరస్సు లోపలి చెరువుల గట్లన్నీ యంత్రాలు పెట్టి కొట్టేశారు. మా ఊళ్ళో చాలామందిలాగే నాన్నకూ ఉన్న పని పోయి, కలిదిండి వైపు ఎవరిదో చెరువు మీద కుదిరాడు. అక్కడే ఒక కాన్వెంటు స్కూలు వాళ్ళతో మాట్లాడి, నన్ను కంప్యూటరు టీచరుగా తీసుకునేలా ఒప్పించి కూడా వచ్చాడు. పిల్లలకు పాఠం చెప్పడం నాకేమీ నామోషీ కాదు, కానీ నాకు ప్రోగ్రాములు రాయాలని ఉండేది, అది ఎంత పిచ్చిగా ఉండేదంటే కలలో కూడా కోడే వచ్చేది. నాకొక్క ఏడాది గడువు ఇమ్మని నాన్నను బతిమాలాను. ఆయన గట్టు మీద కూర్చుని చెరువు వైపు చూసి, "వచ్చే పట్టుబడి దాకా చూద్దాంలేమ్మా. అప్పటికీ ఉద్యోగం రాకపోతే మాత్రం మారాం చెయ్యకూడదు మరి," అన్నాడు.

పట్టుబడి అంటే చెరువులో చేప ఎదిగాక వల వేసి పట్టే రోజు. మా ఇళ్ళలో గడువులన్నీ చేప ఎదుగుదలను బట్టే ఉంటాయి. అప్పుడే వదిలిన పిల్ల చేపలు కదా, ఇంకా బోలెడు టైముందని నేను ధీమాగా ఉన్నాను. చేప అంత త్వరగా ఎదుగుతుందని నాకేం తెలుసు? వారం వారం ఇంటికొచ్చినప్పుడు నాన్న సంబరంగా చెప్పేవాడు, అరకిలో దాటిందని, ముప్పావుకొచ్చిందని. మేత బాగా తింటోందని ఆయన మురిసిపోతుంటే నాకు కంచంలో అన్నం సహించేది కాదు. ప్రపంచంలో చేపల మీద పగబట్టిన కొల్లేటి ఆడపిల్లను నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఉద్యోగాల వేటలో భాగంగా నేను ఏలూరులో ఒక ఇంటర్నెట్ సెంటరుకు పోతూ ఉండేదాన్ని. దాని యజమానిని నేను బాబాయ్ అనేదాన్ని. తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ముస్లిముల కుటుంబం వాళ్ళది. ఆయన మాత్రం మగ్గం వదిలి ముందు వాచీల రిపేరు షాపు, తర్వాత ఎస్టీడీ బూత్, ఆ తర్వాత ఈ కంప్యూటర్లు పెట్టారు. మనిషి మహా నెమ్మది, ఐదో తరగతి పిల్లాడు వచ్చినా "ఏవండీ, కూర్చోండి" అనేవారు. ఆయనకున్న ఒక్కగానొక్క కూతురు పేరే సెంటరుకు పెట్టుకున్నారు, రేష్మా నెట్ అని. దరఖాస్తులు నింపడానికీ, పరీక్షా ఫలితాలు చూడటానికీ వచ్చేవాళ్ళకు నేను సాయం చేసేదాన్ని, బదులుగా మూలనున్న కంప్యూటరు నాది. మా ఒప్పందం అంతే.

బాబాయి సెంటరులో ఒక వింత పద్ధతి ఉండేది. ఎస్టీడీ బూత్ రోజుల్లో చుట్టుపక్కల ఇళ్ళకు ఫోన్లుండేవి కావు కదా, దరఖాస్తుల్లో అందరూ బాబాయి నంబరే రాసి పక్కన పీపీ అని పెట్టేవాళ్ళు. ఫోను వస్తే ఆయన వెళ్ళి పిలుచుకొచ్చేవారు. మీలోనూ పీపీ నంబరు రాయని వాళ్ళు తక్కువే ఉంటారు. కంప్యూటర్లు పెట్టాక కూడా ఆయన అదే పద్ధతి కొనసాగించారు. ఎవరికి వాళ్ళకు ఒక్కో మెయిలు ఎందుకు, పాస్‌వర్డులు మర్చిపోయి ఏడవడానికా అని, సెంటరు పేరు మీద ఒకే ఒక్క మెయిల్ అడ్రసు తీసి, వాడుక ఖాతాదారులందరినీ అదే ఇచ్చుకోమన్నారు. రోజూ ఉదయం వచ్చిన మెయిళ్ళు ప్రింటు తీసి, ఎవరికి వచ్చిందో గుమ్మం పక్కన పలక మీద సుద్దతో రాసేవారు. రేవు మాస్టారు, మందుల షాపు వారి కోడలు, కొల్లేటి అమ్మాయి, ఇలా. ఆ కొల్లేటి అమ్మాయిని నేనే. దొంగ మెయిళ్ళు కూడా పాపం ఆయన భక్తిగా ప్రింటు తీసి, ఆఫ్రికాలో ఎవరో రాకుమారుడు మీ సాయం అడుగుతున్నాడండీ అని మాస్టారికి అందించిన రోజులున్నాయి.

నలభై కంపెనీలకు దరఖాస్తులు పంపాను. ఒక్క దాని జవాబుకైనా పలక మీద నా పేరు రాలేదు. నా తోటివాళ్ళు హైదరాబాదు వెళ్ళి కోర్సులు చేస్తూ, లేని అనుభవం ఉన్నట్టు రాసుకుంటున్నారు. నాకు వెళ్ళే దారీ లేదు, అబద్ధం రాసే ధైర్యమూ లేదు. అలా చేతులు ఊరికే ఉంచుకోలేక దొరికిన పనే ఈ కథకు మూలం.

సెంటరులో అందరూ వాడే ఒక ఉచిత ప్రోగ్రాము ఉండేది, పెద్ద ఫైళ్ళను నెట్ నుంచి కొంచెం కొంచెంగా దించుకునేది. మధ్యలో లైను తెగితే ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టడం దాని గొప్పతనం. లైను తెగితే బాగానే చేసేది గానీ, కరెంటు పోతే మాత్రం ఫైలంతా పాడయ్యేది. ఎండాకాలంలో మధ్యాహ్నం రెండేసి గంటలు కోత, కోత లేనప్పుడు కూడా వచ్చీపోయీ కరెంటు, ఇక ఎన్ని ఫైళ్ళు మిగులుతాయి చెప్పండి. ఆ ప్రోగ్రాము ఎలా రాశారో ఎవరైనా చూడొచ్చు, బాగుచేసి పంపనూ వచ్చు. నేను చదివి చూస్తే జబ్బు తెలిసింది. పుస్తకం చదివేవాళ్ళు ఇంకా చదవని పేజీలో గుర్తుకాగితం పెట్టుకుంటే ఏమవుతుంది? అదే అవుతోంది. ఫైలు ముక్క డిస్కు మీదికి పూర్తిగా చేరకముందే చేరిపోయిందని రాసుకుంటోంది. ఆలోగా కరెంటు పోతే మధ్యలో ఖాళీ మిగిలిపోతోంది.

దాన్ని రాసిన పెద్దాయనది స్వీడన్. ఆయనకూ, ఆ ప్రోగ్రాము మీద పనిచేసే మిగతావాళ్ళకూ ఈ జబ్బు కనబడనే లేదు, ఎందుకంటే వాళ్ళ ఊళ్ళలో కరెంటు పోదు. నేను సరిచేసి పంపిన మొదటి ముక్కను ఆయన ఆ ప్రోగ్రాము వాళ్ళ చర్చా పేజీలో అందరి ముందూ తిప్పికొట్టాడు. రెండోదీ తిప్పికొట్టాడు. మన తప్పులు ప్రపంచమంతా చదువుతుంటే ఎలా ఉంటుందో తెలుసాండీ, ముఖం కొల్లేట్లో ముంచేసుకోవాలనిపిస్తుంది. కానీ ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో ఓపిగ్గా రాసేవాడు, మూడేళ్ళ ఎంసీఏలో నాకెవరూ అలా చెప్పలేదు. ప్రతి ఉత్తరం నేను గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టేదాన్ని, అలా రాయొద్దని ఆయన మూడుసార్లు బతిమాలి, చివరికి ఊరుకున్నాడు.

పరీక్షించాలంటే కరెంటు పోవాలి. స్విచ్చి తీస్తే సరిపోతుంది కదా అంటారేమో, స్విచ్చి తీయడం వేరు, మా కరెంటు పోవడం వేరు. అది గుడ్డిదీపంలా తగ్గి, ఒకసారి ఎగసి, అప్పుడు పోతుంది. అందుకని కోత వేళకు మేమంతా సిద్ధంగా ఉండేవాళ్ళం. ఊరంతా కరెంటు పోతుందని తిట్టుకుంటుంటే, రేష్మా నెట్‌లో మాత్రం పోవడం అయిదు నిమిషాలు ఆలస్యమైతే కస్టమర్లు కూడా "ఇంకా పోలేదేంటండీ" అని బెంగపడేవాళ్ళు. పోగానే అందరం ఒక్కసారి హమ్మయ్య అనుకుని నవ్వుకునేవాళ్ళం. అన్నిసార్లు కరెంటు పోగొట్టి పరీక్షిస్తున్నారంటే మీ ప్రయోగశాల చాలా పెద్దదై ఉంటుందని స్వీడన్ పెద్దాయన మెచ్చుకుంటూ రాశాడు. బాబాయికి చదివి వినిపిస్తే ఆయన షాపంతా ఒకసారి కలియజూసి, కాలర్ సర్దుకున్నారు.

కరెంటు తిరిగి వచ్చాక బాబాయికి ఒక నియమం ఉండేది. వెంటనే కంప్యూటర్లు వేసేవారు కాదు. మా ఏలూరు కరెంటు ఒకసారి వచ్చి, మోసం చేసి, మళ్ళీ పోయి, రెండోసారి వస్తేనే నిలబడేది. ఆ తొలి రాకకు కంప్యూటరు వేస్తే కాలిపోవలసిందే. అందుకని ఆయన ఒక చేయి కంప్యూటర్ల మెయిన్ స్విచ్చి మీద పెట్టి, రెండో చేత్తో జేబులోని తస్బీ తీసి, పూస పూసకూ పెదాలు కదుపుతూ దేవుణ్ణి తలచుకునేవారు. ముప్పై మూడు పూసల చుట్టు పూర్తయ్యేదాకా ట్యూబులైటు నిలబడితే, అప్పుడు స్విచ్చి వేసేవారు. మూలనున్న నా కంప్యూటరు మాత్రం ఆ స్విచ్చికి చేరని వేరే లైను మీద ఉండి, కరెంటు రాగానే తనంతట తాను మేలుకునేది, పైగా కోత ముగిసే వేళకు బాబాయి మధ్యాహ్నం నమాజుకు మసీదులో ఉండేవారు. అందుకని ఆ ఆగడమేదో ప్రోగ్రాములోనే పెట్టేశాను. కరెంటు పోయి వచ్చిందని తెలిస్తే ముప్పై మూడు సెకన్లు ఆగి, అప్పుడే పని మొదలుపెట్టమని. ముప్పై మూడే ఎందుకని స్వీడన్ ఆయన అడిగితే సిగ్గేసి, అయ్యా, మా ప్రాంతపు ఆచారం అని మాత్రం రాశాను. పనిచేస్తోంది కదా అని ఆయన ఉంచేశాడు. నా ముక్క ప్రోగ్రాములో చేరిన రోజున, సాయం చేసినవాళ్ళ పేర్ల జాబితాలో కొత్త పేరొకటి వచ్చింది. రేష్మా నెట్, ఏలూరు అని. మెయిలు ఎవరి పేర వెళితే వాళ్ళ పేరే కదా పడేది. నా పేరు అందులో ఎక్కడా లేదన్న సంగతి, మీరు నమ్మరు గానీ, నాకు తట్టనే లేదు. పీపీ నంబరుకు ఫోను వస్తే మనకు వచ్చినట్టే కదా అనుకునే రోజులవి.

చేప కిలోంబావు దాటింది. వలవాళ్ళకు కబురు పెట్టామని నాన్న చెప్పాడు. ఇంట్లో అమ్మ, జీతం లేని పని ఎన్నాళ్ళే, ఊరికే చేసేవాళ్ళను పిలిచి ఉద్యోగం ఎవరిస్తారు అని గొణుక్కునేది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది, నాకూ అదే అనుమానం పట్టుకుంది. కాన్వెంటులో కట్టుకోవడానికని రెండు కాటన్ చీరలు కూడా కొనేసింది.

ఆ వారంలోనే ఒక రోజు, పలక మీద ఎప్పటిలాగే నా పేరు లేదు. ఉస్సూరుమంటూ లోపలికి వెళితే, షాపు వెనకే ఉన్న ఇంట్లోకి పిన్ని టీకి పిలిచింది. పిన్ని అంటే బాబాయి భార్య. టీ చేతికిచ్చి, గోడకు అంటించిన కాగితం ఒకటి చూపించి, "చూశావా, మా రేష్మాకి హైదరాబాదు నుంచి మెయిలొచ్చింది. డియర్ అని కూడా రాశారు," అని మురిపెంగా చెప్పింది. ఆ రేష్మా అప్పుడు మూడో తరగతి. కాగితం కింద కూర్చుని ఎక్కాలు రాసుకుంటోంది. నేను నవ్వుకుంటూ చదవడం మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గర టీ గ్లాసు కింద పెట్టేశాను. మా కంపెనీ మీ ప్రోగ్రాము వాడుతోంది, కరెంటు విషయంలో మీరు చేసిన పని చూశాం, మీరు మన రాష్ట్రం వారే కాబట్టి ఒకసారి ఇంటర్వ్యూకు రాగలరా అని ఉంది. వచ్చి అయిదు రోజులైంది. రమ్మన్నది మర్నాడు కాక ఆ తర్వాతి రోజే. ఎవరో ముద్దుగా పిల్లకు రాశారనుకుని బాబాయి ఇంట్లోకి పంపేశారట. విషయం తెలిశాక ఆయన ముఖం చూడాలి, అయ్యయ్యో అయ్యయ్యో అంటూ ఆయనే స్టేషనుకు వెళ్ళి నాకూ నాన్నకూ టిక్కెట్లు తెచ్చి చేతిలో పెట్టారు. రేష్మా మాత్రం తన ఉత్తరం నేను తీసుకుపోతున్నానని ఏడుపు లంకించుకుంది.

ఇంకో తమాషా ఏమిటంటే, నేను పంపిన నలభై దరఖాస్తుల్లో ఒకటి ఆ కంపెనీకే. నా పేరుతో, నా మార్కులతో వెళ్ళిన కాగితాన్ని వాళ్ళు తెరిచి కూడా చూడలేదు.

ఇంటర్వ్యూలో ఇద్దరు కూర్చున్నారు, కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన, సర్టిఫికెట్లు చూసే ఒకావిడ. నాన్న కింద గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనతో చేపల గురించి మాట్లాడుతున్నాడు. ఆవిడ నా కాగితాలన్నీ తిరగేసి, రేష్మా అంటే మీరు కాదు కదా, ఈ పని మీరే చేశారని ఏమిటి నమ్మకం అని అడిగింది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, జాబితాలో నా పేరు లేదన్న సంగతి నాకు మొదటిసారి తల మీద పిడుగులా పడింది. తడబడుతూ పీపీ మెయిలు సంగతి చెప్పాను. ఆవిడది ఉత్తరాది, పీపీ అంటే ఏమిటో తెలియదు. ఒకే మెయిలు పదిమంది వాడుకోవడమేమిటని ఇంకా అనుమానంగా చూసింది. కాన్వెంటు, కాటన్ చీరలు, కిలోంబావు చేప అన్నీ వరసగా నా కళ్ళ ముందు తిరిగాయి.

కళ్ళజోడాయన మాత్రం పీపీ అనగానే నవ్వాడు. ఆయనది అత్తిలి దగ్గర ఊరట. చిన్నప్పుడు వాళ్ళకూ ఎరువుల కొట్టు వారిదే పీపీ నంబరట. కుర్చీ ముందుకు జరుపుకుని, "అదంతా పక్కన పెట్టమ్మా. ఆ ముప్పై మూడు సంగతి చెప్పు. ముప్పై కాదు, నలభై కాదు, ముప్పై మూడేంటి? నెల రోజుల్నించి నా బుర్ర తినేస్తోందది," అన్నాడు. నేను బాబాయి గురించి, తస్బీ గురించి, నమాజు వేళ గురించి ఒక్క గుక్కలో చెప్పేశాను. కథ బాగుంది గానీ కథలు ఎవరైనా చెప్పొచ్చు కదా అంది ఆవిడ. ఆయన సెంటరు నంబరు అడిగి, ఫోను స్పీకరులో పెట్టి, నన్ను మాట్లాడవద్దని సైగ చేశాడు.

అవతల బాబాయి గొంతు తాపీగా వచ్చింది. కోత సమయం, ఖాళీగా ఉన్నారన్నమాట. మీ సెంటరులో కరెంటు రాగానే కంప్యూటర్లు వేసేస్తారా అండీ అని కళ్ళజోడాయన అడిగాడు. ఎవరు, ఎందుకు అని కూడా బాబాయి అడగలేదు. "వెంటనే ఎలా వేస్తానండీ బాబూ? మా ఏలూరు కరెంటు సంగతి తమరికి తెలీదనుకుంటాను. ఓసారి వచ్చి మళ్ళీ పోద్దండీ. నా చేతిలో తస్బీ ఉంటదండీ, ముప్పై మూడు పూసలు. ఒక చుట్టు తిరిగేదాకా లైటు నిలబడిందా, అప్పుడు వేస్తానండీ. ఇంతకీ తమరికేమన్నా మెయిలు రావాలాండీ, చూసిపెట్టమంటారా?" అన్నారు. ఆ తర్వాత ఆవిడే ముందు నవ్వింది. ఆ నవ్వు ఈ రోజుకీ నా చెవుల్లో ఉంది.

అక్కడికక్కడే ఉద్యోగం ఖాయం చేశారు. కిందికి దిగి నాన్నకు చెబితే ఆయన నమ్మలేక, ఏం చేశావని ఇచ్చారమ్మా అని రెండుసార్లు అడిగాడు. కరెంటు పోతే ఏం చెయ్యాలో చూపించాను నాన్నా అన్నాను. "అయితే కరెంటు పోబట్టే ఉద్యోగం వచ్చిందన్నమాట. ఇన్నాళ్ళూ అనవసరంగా తిట్టుకున్నాం గదమ్మా వాళ్ళని," అన్నాడు గంభీరంగా. రోడ్డు పక్కన నిలబడి ఇద్దరం కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. మూడు రోజుల తర్వాత కలిదిండి చెరువులో పట్టుబడి జరిగింది. నాన్న అందులో మంచి చేపలు రెండు ఏరి, ఒకటి బాబాయి ఇంటికి పంపించాడు, రెండోది అమ్మ పులుసు పెట్టింది. నా గడువును నేను రెండు పూటలా కడుపునిండా తిన్నాను. అంత రుచైన చేప మళ్ళీ తినలేదు.

ఉద్యోగంలో కుదురుకున్నాక స్వీడన్ పెద్దాయనకు అసలు సంగతి రాశాను. ఆయన తెగ ఆనందపడి, జాబితాలో నీ పేరు వేస్తాను, రేష్మా పేరు తీసేస్తాను అన్నాడు. నేను వద్దన్నాను. ఆ ఫోను ఎత్తినవాళ్ళ పేరు అది, ఉండనివ్వండి అన్నాను. రేష్మా పెద్దదై కంప్యూటర్ల జోలికే పోలేదు, భీమవరంలో ఫిజియోథెరపీ చేస్తోంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఆమె పేరు చెబితే దండం పెడతారు. ప్రపంచంలో ఎన్ని కంప్యూటర్లలో తన పేరుందో తెలుసునా అంటే, తెలుసక్కా, నా ఉత్తరం తీసుకుపోయావుగా అని ఇప్పటికీ దెప్పుతుంది.

మొన్న రైలు దిగి తిన్నగా ఇంటికి పోకుండా బాబాయి దగ్గరికి వెళ్ళాను. సెంటరు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్ల కొట్టుంది. బాబాయి బాగా పెద్దవారైపోయారు, వినికిడి తగ్గింది, నెమ్మది మాత్రం తగ్గలేదు. కాలేజీ పిల్ల అడిగిన ప్రశ్న చెప్పాను. ఏమని చెప్పావమ్మా అన్నారు. చెప్పలేకపోయానన్నాను. ఇంకో సంగతి కూడా ఆయనకు చెప్పవలసింది ఉంది, రెండేళ్ళుగా దాచుకున్నాను. ఎవరో కుర్రాడు ఆ ప్రోగ్రామును శుభ్రం చేస్తూ మా కోడ్ వరసను తీసేశాడు. ఈ ముప్పై మూడు సెకన్లు ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు, తీసేస్తున్నాను అని దాని పక్కన రాశాడు. తప్పు పట్టడానికేముంది, ఇప్పుడు అందరివీ బ్యాటరీలున్న కంప్యూటర్లే, కరెంటు పోయినా వాటికి తెలియనే తెలియదు. బాబాయి తల ఊపి, "ఎవరినైనా అడగాల్సింది గదమ్మా," అన్నారు. అడిగే ఉంటాడు బాబాయ్ అన్నాను. జాబితాలో ఉన్న అడ్రసుకి ఒక మెయిలు పెట్టే ఉంటాడు. అది ఎప్పుడో మూతబడింది, వచ్చిన ఉత్తరం ప్రింటు తీసి పలక మీద పేరు రాసేవాళ్ళు ఇప్పుడెవరున్నారు? ఆ మాట పైకి అనలేదు, అన్నా ఆయనకు వినబడేది కాదేమో.

మేమలా మాట్లాడుకుంటుండగానే కరెంటు పోయింది. ఎన్నాళ్ళయిందో అలా పోయి. పిన్ని విసనకర్ర అందుకునేలోగానే వచ్చేసింది కూడా. ట్యూబులైటు రెండుసార్లు మిణుకుమని నిలబడింది. బాబాయి చెయ్యి తనంతట తాను జేబులోకి వెళ్ళింది. పిన్ని టీవీ రిమోటు పట్టుకుని, నొక్కకుండా ఆయన పెదాల వైపే చూస్తూ కూర్చుంది. నేనూ చార్జరు పెట్టబోయి ఆగిపోయాను. పూసలన్నీ తిరిగి, తస్బీ మళ్ళీ జేబులోకి చేరాక, ముగ్గురం ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం.

ఇంటికొచ్చి, కాలేజీ వాళ్ళనడిగి ఆ అమ్మాయి నంబరు తీసుకుని, నా జవాబు రాసి పంపాను. రావచ్చునమ్మా, నాకు వచ్చింది, కానీ కోడ్ నన్ను గుమ్మం దాకానే తీసుకెళ్ళింది, లోపలికి చెయ్యిపట్టి తీసుకెళ్ళింది ఫోను ఎత్తిన ఒక మనిషి. నువ్వు పని చేస్తుండగా పక్కన కూర్చుని చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ నంబరు కూడా నీ పేజీలో పెట్టు, అని రాశాను. చాలా థాంక్స్ అని, దండం పెట్టే బొమ్మలు రెండు పెట్టి, కాసేపాగి ఇంకో ముక్క రాసింది ఆ పిల్ల.

"అలాంటి వాళ్ళ కోసం ఆ పేజీలో గడి ఉండదండీ మేడమ్."